దూరం, వేగం, కాలం – మా దారి లెక్కలు

రాసినది: 9వ తరగతి విద్యార్థిని



ఈ నెల గోడపత్రికలో లెక్కల మూల నాకు ఇచ్చారు. లెక్కలు బాగా వచ్చినవాళ్ళకి ఇవ్వాలి గదా, నాకెందుకు సార్ అని అడిగాను. "నువ్వు అన్ని తప్పులూ చేసి నేర్చుకున్నావు. ఎవరు ఎక్కడ పడతారో నీకే బాగా తెలుసు" అన్నారు లెక్కల సారు. అది మెచ్చుకోవడమో తిట్టడమో ఇప్పటికీ తెలీలేదు. చోటు చాలక రెండు చార్టులు అతికించి రాస్తున్నాను. అన్నం లైన్లో నిలబడినప్పుడు కొంచెం కొంచెం చదవండి. కూర చేతులు మాత్రం అంటించకండి.

దూరం, వేగం, కాలం లెక్క వస్తే పరీక్షలో మనలో సగం మంది ఆ ప్రశ్న వదిలేస్తాం. నేను కూడా వదిలేసేదాన్ని. నా విషయంలో కష్టం లెక్కలో లేదు, మాటలో ఉంది. మా ఇంట్లో కువి మాట్లాడతాం. తెలుగు నేను బడికి వచ్చాక నేర్చుకున్నాను. ఆరో తరగతిలో "గంటకు 4 కి.మీ. చొప్పున నడిచిన ఒక మనిషి" అని పుస్తకంలో చదివి, ఆ మనిషి నెత్తిమీద జొన్న చొప్ప మోసుకుని నడుస్తున్నాడు అనుకున్నాను. మోపు ఎంత బరువో పుస్తకంలో ఇవ్వలేదు, అందుకే ఈ లెక్క అవ్వదు అనుకున్నాను. నవ్వకండి. మీలో కూడా అలా అనుకున్నవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. చొప్పున అంటే "ప్రతి గంటకీ అంతే" అని. ఒక గంటలో 4 కిలోమీటర్లు, రెండో గంటలో ఇంకో 4, మూడో గంటలో ఇంకో 4. అంతే.

వేగం అనే మాట కూడా పెద్ద మాటలాగ భయపెట్టేది. సంతలో మనవాళ్ళు "బేగి రా, బేగి నడు" అంటారు గదా. ఆ బేగిని అంకెల్లో చెప్తే వేగం. ఎంత బేగి? గంటకి ఎన్ని కిలోమీటర్లంత బేగి? ఈ ప్రశ్నకి జవాబే వేగం.

ఇప్పుడు మా నాయనమ్మ సంగతి చెప్తాను. మా నాయనమ్మకి కిలోమీటర్లు తెలీవు. పాతకాలం మనుషులు కోసు, ఆమడ అనేవారు. కోసు అంటే సుమారు రెండు మైళ్ళు, నాలుగు కోసులు ఒక ఆమడ. మా నాయనమ్మకి అవీ అక్కర్లేదు. సంత ఎంత దూరం నాయనమ్మా అని అడిగితే ఆవిడ ముందు ఎదురు ప్రశ్న వేస్తుంది. తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "ఎవులు నడుస్తారే? నువ్వా, నేనా, మోతతోనా, ఒట్టి చేతుల్తోనా?" నేను అయితే కోడి కూసినప్పుడు బయల్దేరితే ఎండ ఎక్కేలోపు. నాయనమ్మ అయితే ఎండ నెత్తికి వచ్చే వేళకి. అడ్డాకుల మోపు ఉంటే ఇంకా ఆలస్యం. చిన్నప్పుడు నాకు కోపం వచ్చేది. దూరం అడిగితే మనిషిని అడుగుతుంది ఏటి అని. ఇప్పుడు చూస్తే ఆవిడ చెప్పినదంతా సూత్రమే. దూరం మారదు. మనిషి మారితే వేగం మారుతుంది, వేగం మారితే కాలం మారుతుంది.

సూత్రం అందరికీ వచ్చినదే, అయినా రాస్తాను.

దూరం = వేగం × కాలం

దీన్నుంచే మిగతా రెండూ వస్తాయి.

కాలం = దూరం ÷ వేగం
వేగం = దూరం ÷ కాలం

మూడూ బట్టీ పట్టక్కర్లేదు. ఒకటి గుర్తుంటే చాలు. మర్చిపోతే చిన్న అంకెలతో అడగండి: గంటకి 4 చొప్పున 3 గంటలు నడిస్తే ఎంత? 12. అయితే 12ని 4తో భాగిస్తే గంటలు వచ్చాయి, 3తో భాగిస్తే వేగం వచ్చింది. పరీక్ష హాల్లో నేను ఇప్పటికీ కాయితం మూల మీద 4, 3, 12 రాసుకుంటాను.

తరవాత ప్రమాణాలు. ఇక్కడ మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. 1 గంట 20 నిమిషాలని 1.20 గంటలు అని రాస్తారు. తప్పు. గంటకి 60 నిమిషాలు, 100 కాదు. 20 నిమిషాలు అంటే గంటలో మూడో వంతు. కాబట్టి 1 గంట 20 నిమిషాలు = 4/3 గంటలు. 1.20 గంటలు అంటే 1 గంట 12 నిమిషాలు అవుతుంది, వేరే సంగతి. నిమిషాలు కనబడగానే కింద 60 పెట్టేయండి. 15 నిమిషాలు 15/60, 48 నిమిషాలు 48/60. తరవాత కొట్టివేతలు చేసుకోవచ్చు.

గంటకు కిలోమీటర్లని సెకనుకు మీటర్లుగా మార్చాలంటే 5/18తో గుణించమని అందరూ చెప్తారు. ఎందుకో చాలా మంది చెప్పరు. కిలోమీటరుకి 1000 మీటర్లు, గంటకి 3600 సెకన్లు. 1000/3600ని కొట్టివేస్తే 5/18. అంతకన్నా రహస్యం ఏమీ లేదు. గంటకు 36 కి.మీ. అంటే 36 × 5/18 = సెకనుకు 10 మీటర్లు. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి, 72 వస్తే 20, 18 వస్తే 5 అని చటుక్కున చెప్పొచ్చు.

ఇప్పుడు నేను బోర్డు దగ్గర పరువు పోగొట్టుకున్న లెక్క.

మా ఊరికి రోడ్డు లేదు. తారు రోడ్డు దగ్గర దిగి కొండ దారిలో 6 కిలోమీటర్లు ఎక్కాలి. ఈ 6 కిలోమీటర్లు నేనే కొలిచాను. ఎలాగంటే, మన వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు అని పీఈటీ మేడం చెప్పారు. దాని పొడుగునా నడిస్తే నాకు 30 అడుగులు పట్టింది. అంటే ఒక అడుగు 60 సెంటీమీటర్లు. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు సంచిలో 100 చింతపిక్కలు వేసుకున్నాను. ప్రతి 100 అడుగులకీ ఒక పిక్క కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. మా ఊరి చావిడి దగ్గరికి వచ్చేసరికి పిక్కలన్నీ ఎడమ వైపు వచ్చేశాయి. 100 × 100 = 10,000 అడుగులు. 10,000 × 60 సెం.మీ. = 6,000 మీటర్లు. ఎక్కుడు దారిలో అడుగు కొంచెం చిన్నది పడుతుంది కాబట్టి సరిగ్గా 6 అని ప్రమాణం చెయ్యలేను. మా తమ్ముడు మధ్యలో మాట్లాడించి రెండుసార్లు లెక్క తప్పించాడు కూడా.

ఎక్కడానికి నాకు 2 గంటలు పడుతుంది. అంటే గంటకు 3 కి.మీ. దిగేటప్పుడు ఇంచుమించు పరుగే, 1 గంట. అంటే గంటకు 6 కి.మీ. సారు అడిగారు: "మొత్తం ప్రయాణంలో నీ సగటు వేగం ఎంత?"

నేను బోర్డు మీద ధైర్యంగా రాశాను: (3 + 6) ÷ 2 = 4.5.

వెనక బెంచీ చప్పట్లు కూడా కొట్టింది. సారు ఏమీ అనకుండా అడిగారు. "గంటకు నాలుగున్నర చొప్పున మూడు గంటలు నడిస్తే ఎంత దూరం?" 13.5 కి.మీ. అన్నాను. "మీ ఊరికి పోయి రావడం ఎంత?" 12 కి.మీ. అన్నాను. "అయితే మీ ఊరు రాత్రికి రాత్రి పైకి జరిగిపోయిందా అమ్మా?"

ఆ నవ్వులు మీకు గుర్తే.

సరైన పద్ధతి ఇది. సగటు వేగం = మొత్తం దూరం ÷ మొత్తం కాలం. 12 ÷ 3 = గంటకు 4 కి.మీ. నాలుగున్నర ఎందుకు రాలేదు? నిదానంగా నడిచినది 2 గంటలు, బేగి నడిచినది 1 గంటే. నిదానం వైపు ఎక్కువ సేపు ఉన్నాం కాబట్టి సగటు అటువైపు లాగుతుంది. ఒకవేళ ఒక గంట 3 చొప్పున, ఇంకో గంట 6 చొప్పున నడిస్తే అప్పుడు 2 గంటల్లో 9 కి.మీ., సగటు 4.5 సరిపోతుంది. కాలాలు సమానమైతే వేగాల్ని కూడి సగం చెయ్యొచ్చు. దూరాలు సమానమైతే చెయ్యకూడదు. పోయి రావడం అంటే దూరాలే సమానం.

దూరం ఇవ్వకపోయినా ఈ లెక్క అవుతుంది. ఇక్కడే బీజగణితం వస్తుంది. తెలియని దూరాన్ని పుస్తకంలో ఎక్స్ అంటారు. కాని స్కెచ్ పెన్నుతో ఎక్స్ రాస్తే గుణకారం గుర్తులాగ ఉంది, చదివేవాళ్ళు తికమక పడతారు. అందుకని ఈ చార్టులో దూరానికి 'ద' అని, గంటలకి 'గ' అని రాస్తున్నాను. పరీక్షలో ఎక్స్ అనే రాయండి.

ఊరు 'ద' కి.మీ. దూరం అనుకుందాం. ఎక్కడానికి ద/3 గంటలు, దిగడానికి ద/6 గంటలు. రెండూ కలిపితే 2ద/6 + ద/6 = 3ద/6 = ద/2 గంటలు. మొత్తం దూరం 2ద. సగటు = 2ద ÷ ద/2 = 4. 'ద' ఎగిరిపోయింది చూశారా. ఊరు 6 కిలోమీటర్లైనా 60 కిలోమీటర్లైనా ఎక్కుడు 3, దిగుడు 6 అయితే సగటు 4 మాత్రమే.

ఇక పరీక్షలో ఎక్కువగా వచ్చే రకం. ఆలస్యం, ముందు అనే లెక్క.

ఒక అమ్మాయి ఇంటి నుంచి బడికి గంటకు 4 కి.మీ. చొప్పున నడిస్తే గంట కొట్టిన 10 నిమిషాలకి చేరుతుంది. గంటకు 5 కి.మీ. చొప్పున నడిస్తే గంట కొట్టడానికి 5 నిమిషాల ముందే చేరుతుంది. బడి ఎంత దూరం?

ఇలాంటివి చూడగానే చాలా మంది 4, 5, 10, 5 అన్నింటినీ కూడడమో గుణించడమో మొదలు పెడతారు. ఆగండి. ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇందులో ఏది మారలేదు? వేగం మారింది, కాలం మారింది. ఇల్లూ బడీ కదల్లేదు. దూరం సమానం. దాన్నే 'ద' అనుకోవాలి. నిదానంగా పోతే ద/4 గంటలు, బేగి పోతే ద/5 గంటలు. రెండింటికీ తేడా ఎంత? ఒకటి 10 నిమిషాలు వెనక, ఒకటి 5 నిమిషాలు ముందు, కాబట్టి 15 నిమిషాలు. (10లోంచి 5 తీసేసి 5 అని రాసేవాళ్ళు ఉంటారు. గడియారం బొమ్మ గీసి చూసుకోండి.)

ద/4 – ద/5 = 15/60
5ద/20 – 4ద/20 = 1/4
ద/20 = 1/4
ద = 5

బడి 5 కి.మీ. సరి చూద్దాం. 4 చొప్పున 5 కి.మీ. నడిస్తే 75 నిమిషాలు. 5 చొప్పున 60 నిమిషాలు. తేడా 15. సరిపోయింది. సరి చూడ్డానికి ఒక్క నిమిషం చాలు, అయినా ఎవరూ చూడరు.

ఎదురు ఎదురుగా వచ్చే లెక్క సులువు. రెండు ఊళ్ళ మధ్య 14 కి.మీ. ఆ ఊరి నుంచి ఒక అక్క గంటకు 4 చొప్పున, ఈ ఊరి నుంచి ఒక చెల్లి గంటకు 3 చొప్పున ఒకేసారి బయల్దేరారు. ఇక్కడ సమానమైనది కాలం. 'గ' గంటల తరవాత కలిశారు అంటే ఇద్దరూ 'గ' గంటలే నడిచారు. ఇద్దరి దూరాలు కలిపితే మొత్తం దారి. 4గ + 3గ = 14, గ = 2. అక్క 8, చెల్లి 6 కి.మీ. నడిచారు.

వెనకనుంచి తరుముకుని పట్టుకునే లెక్క కొంచెం తిరకాసు. ఇది నిజంగా జరిగినదే. ఒక ఆదివారం మా నాన్న నన్ను చూడ్డానికి హాస్టలుకి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు గొడుగు మర్చిపోయాడు. అరగంట తరవాత చూశాం. నాన్న నడక గంటకు 4 కి.మీ. వాచ్‌మన్ అన్న సైకిలు గంటకు 12 కి.మీ. సైకిలు 'గ' గంటల్లో అందుకుంటుంది అనుకుంటే, అప్పటికి నాన్న నడిచింది 'గ' కన్నా అరగంట ఎక్కువ. పట్టుకున్న చోట ఇద్దరి దూరాలూ సమానం.

12గ = 4(గ + 1/2)
12గ = 4గ + 2
8గ = 2
గ = 1/4

పావు గంటలో, 3 కిలోమీటర్ల దగ్గర దొరకాలి. నేను వేళ్ళమీద చేసి గొప్పగా చెప్పాను. కాని జీపు స్టాండు మన హాస్టలుకి 2 కిలోమీటర్లే! నాన్న అరగంటలో స్టాండుకి చేరిపోయాడు. 3 కిలోమీటర్ల దగ్గర నాన్న నడుస్తూ ఉండడు. సమీకరణం తప్పు కాదు, నేను దారి సంగతి చెప్పలేదు దానికి. అదృష్టం, జీపు నిండలేదు. మన జీపులు నిండకుండా కదలవు గదా. సైకిలు 2 కి.మీ. 10 నిమిషాల్లో వెళ్ళింది, నాన్న జీపు వెనక కూర్చుని ఉన్నాడట. గొడుగు ఇచ్చేశారు. అందుకే జవాబు వచ్చాక ఒకసారి అలా నిజంగా జరుగుతుందా అని చూసుకోవాలి.

రైలు లెక్కలు మనవాళ్ళకి కష్టం, ఎందుకంటే రైలు ఎక్కినవాళ్ళు తక్కువ. మనల్ని బొర్రా గుహలకి తీసుకెళ్ళినప్పుడు విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే రైలు ఎక్కాం, గుర్తుందా. ఇనుప ఖనిజం తేవడానికి 1960లలో వేసిన లైను అది. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా తగిలిస్తున్నారు, అందులో మనం ఎక్కలేదు. విశాఖపట్నం నుంచి అరకు రైల్లో సుమారు 130 కి.మీ., సుమారు 4 గంటలు. 130 ÷ 4 = 32.5. రైలు అంటే గంటకి వంద పోతుంది అనుకుంటాం, మన కొండ ఎక్కేటప్పుడు దానికీ ఆయాసమే. శిమిలిగుడ స్టేషను దగ్గరికి వచ్చేసరికి సముద్రానికి ఇంచుమించు వెయ్యి మీటర్లు పైకి వస్తుంది మరి.

ఆ రోజు పట్టాల పక్కన కిలోమీటరు రాళ్ళు చూసి నా పక్క మంచం స్నేహితురాలు లెక్కపెట్టింది. ఒక రాయి నుంచి ఇంకో రాయికి 100 సెకన్లు. 1000 ÷ 100 = సెకనుకు 10 మీటర్లు, అంటే గంటకు 36 కి.మీ. తరవాత ఒక సొరంగంలో కిటికీ దగ్గర చీకటి పడ్డ దగ్గర నుంచి వెలుగు వచ్చేదాకా 30 సెకన్లు. సొరంగం పొడవు 10 × 30 = 300 మీటర్లు. ఇక్కడ జాగ్రత్త. కిటికీ దగ్గర కూర్చున్న మనకి 30 సెకన్లు. రైలు మొత్తం దాటడానికి అయితే ఇంజను లోపలికి వెళ్ళినప్పటి నుంచి చివరి పెట్టె బయటికి వచ్చేదాకా చూడాలి. రైలు పొడవు 260 మీటర్లు అనుకుంటే, 300 + 260 = 560 మీటర్లు, 56 సెకన్లు. స్తంభం దాటితే రైలు పొడవు మాత్రమే, వంతెన గాని సొరంగం గాని దాటితే రెండు పొడవులూ. పడవ, ప్రవాహం లెక్కలు నేను రాయను. మా వైపు గెడ్డలే గాని పడవలు లేవు, నాకు సరిగ్గా రాదు.

ఇప్పుడు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించిన లెక్క. వార్డెన్ మేడం రాయమన్నారు.

పోయిన వేసవి సెలవుల్లో మా పిన్నికి రాత్రి నొప్పులు వచ్చాయి. అప్పుడు సమయం 1 గంట. మా ఊళ్ళో ఫోను పలకదు. కొండ మీద ఒక బండ ఉంది, దాన్ని ఫోను రాయి అంటాం, అక్కడ నిలబడితే పలుకుతుంది. బాబాయి ఎక్కి అంబులెన్సుకి ఫోను చేశాడు. బండి వెంటనే బయల్దేరింది. అక్కడినుంచి మా దారి మొదటికి 24 కి.మీ., ఘాట్ రోడ్డు, గంటకు 30 చొప్పున వచ్చారు. 24/30 గంట, అంటే 48 నిమిషాలు. మేము డోలీ కట్టాం. డోలీతో 6 కి.మీ. దిగాలంటే, నలుగురు భుజాలు మార్చుకుంటూ, గంటకు 3 కి.మీ. మించి నడవలేరు. 2 గంటలు.

పెద్దవాళ్ళు ఏమనుకున్నారంటే, బండి వచ్చింది అని కబురు వచ్చాక దిగుదాం, ముందే దిగిపోయి రోడ్డు మీద చలిలో పిన్నిని పడుకోబెట్టడం ఎందుకు అని. అందరికీ అది మంచి మాటలాగే ఉంది. నాకూ ఉంది. 1 గంట 48 నిమిషాలకి బండి వచ్చింది అని ఫోను రాయి మీదనుంచి కేక వేశారు. అప్పుడు డోలీ లేచింది. నేను టార్చి పట్టుకుని ముందు నడిచాను.

3 గంటల 28 నిమిషాలకి, గెడ్డ దగ్గర, డోలీ దించేయమని నాయనమ్మ అరిచింది. అప్పటికి 100 నిమిషాలు నడిచాం, 5 కిలోమీటర్లు. ఇంకా ఒక్క కిలోమీటరు ఉంది. పాప అక్కడే పుట్టింది. కింద బండిలో ఉన్న అన్నకి కేకలు వినబడి, సంచి పట్టుకుని చీకట్లో పైకి ఎక్కి వచ్చారు. పిన్నికి చాలా రక్తం పోయింది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది.

తొమ్మిదో తరగతిలో సారు రెండు పనుల లెక్క చెప్పారు. ఒకదాని తరవాత ఒకటి చేస్తే కాలాలు కూడాలి. రెండూ ఒకేసారి మొదలు పెడితే కూడకూడదు, ఏది ఎక్కువో అదే మొత్తం కాలం. బోర్డు మీద వేరే అంకెలు ఉన్నాయి. నేను నోట్సులో నా అంకెలు వేసుకున్నాను.

మేము చేసింది: 48 నిమిషాలు + 120 నిమిషాలు = 168 నిమిషాలు.
ఒకేసారి బయల్దేరి ఉంటే: 48, 120 లో పెద్దది = 120 నిమిషాలు.

అంటే 3 గంటలకి పిన్ని బండిలో ఉండేది. 3 గంటల 28 నిమిషాలకి బండి ఎక్కి 28 నిమిషాలు అయ్యేది. 30 × 28/60 = 14. ఘాట్ రోడ్డు మీద 14 కిలోమీటర్లు దాటేసి ఉండేవాళ్ళం. ఆసుపత్రి ఇంకా 10 కిలోమీటర్లు, కాబట్టి పాప దారిలోనే పుట్టేది. కాని పక్కన ఆ అన్న ఉండేవారు, వెలుతురు ఉండేది, బండి నడుస్తూనే ఉండేది. చలి సంగతి కూడా చూశాను. బండి రోడ్డుకి 1 గంట 48 నిమిషాలకే వచ్చింది, మేము 3 గంటలకి చేరేవాళ్ళం, పిన్ని చలిలో ఒక్క నిమిషం కూడా పడుకునేది కాదు. బండి మాకోసం 72 నిమిషాలు ఆగి ఉండేది. ఆ రాత్రి అది అంతకన్నా ఎక్కువే ఆగింది.

ఆ రోజు నేను క్లాసులో ఏడ్చాను. కడుపు నొప్పి అని చెప్పాను, మీరందరూ నమ్మారు, ఒక చెల్లి వాము కూడా తెచ్చి ఇచ్చింది. కడుపు నొప్పి కాదు.

దూరం = వేగం × కాలం అని నాకు ఆ రాత్రి కూడా వచ్చు. ఎనిమిదో తరగతిలో అడిగితే నిద్రలో కూడా చెప్పేదాన్ని. నా నోట్సులో ఎర్ర పెన్నుతో పెట్టె గీసి ఉంది.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చింతపిక్కలు పరిచి నాన్నకీ బాబాయికీ చూపించాను. ఒక్కో పిక్క 12 నిమిషాలు. బండికి 4 పిక్కలు, డోలీకి 10 పిక్కలు. మొదట ఒక వరసలో పెట్టాను, 14 అయ్యాయి. తరవాత పక్క పక్కనే రెండు వరసలు పెట్టాను. బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం, "అదేటే, ఇద్దరూ ఒకేపాలి నడిస్తే ఎవులు నిదానమో ఆలే లెక్క గదా" అంది. ఆవిడకి ముందే తెలుసు, ఆ రాత్రి ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఒకరు ఫోను రాయి మీదకి పోతే డోలీ అదే నిమిషంలో కిందకి దిగుతుంది. మాఘంలో ఒకసారి అలా దిగారు.

పాప బాగుంది. గోడ పట్టుకుని నిలబడుతోంది.

మీకు ఒక లెక్క ఇస్తున్నాను. మా దారిలో కిందనుంచి 2 కిలోమీటర్లు జేసీబీతో మట్టి రోడ్డు తీశారు. ఇప్పుడు బండి 24 కి.మీ. గంటకు 30 చొప్పున వచ్చి, ఆ మట్టి రోడ్డు మీద 2 కి.మీ. గంటకు 10 చొప్పున ఎక్కుతుంది. డోలీ 4 కిలోమీటర్లే దిగాలి, గంటకు 3 చొప్పున. ఇద్దరూ ఒకేసారి బయల్దేరితే ఎవరు ముందు చేరతారు, ఎంతసేపు ఆగాలి? ఆ రోడ్డు లేనప్పటికన్నా పిన్ని లాంటివాళ్ళు ఎన్ని నిమిషాలు ముందు బండి ఎక్కుతారు? ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు జవాబు కాయితం మీద రాసి శనివారం స్టడీ అవర్లో నాకు ఇవ్వండి. ఒట్టి జవాబు వద్దు, సమీకరణం ఉండాలి.